నాలుగు క్రెడిట్ల పుణ్యం

చేసిన పుణ్యానికి లెక్కాపత్రం లేదే అని బెంగపడే వాళ్లకు మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఆ కొరత తీర్చింది. 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళిక మార్చినప్పుడు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును తప్పనిసరి చేసి, 180 గంటల సేవకు 4 క్రెడిట్లు కట్టబెట్టింది. 45 గంటలు జనాన్ని ఉద్ధరిస్తే ఒక క్రెడిట్ అన్నమాట. ఇంటింటి సర్వే చేయాలి, అవగాహన కల్పించాలి, లాగ్‌బుక్ నింపాలి, నివేదిక రాయాలి.

తడ మండలంలోని ఇరకం దీవికి ఈ సేవ చేరిందనుకోండి. పులికాట్ సరస్సు మధ్యలోని ఊరు, పడవ ఎక్కి వెళ్లాలి. నెలసరి ఆదాయం ఎంత అని అడిగితే, వల నిండిన నెలకూ ఖాళీగా తిరిగొచ్చిన నెలకూ పొంతన లేని ఇల్లాలు ఏం చెబుతుంది? వచ్చిన పిల్లలు నొచ్చుకోకూడదని నోటికొచ్చిన అంకె చెబుతుంది. నివేదికలో అది రంగుల చార్టు అవుతుంది. ఆపైన సరస్సును కాపాడుకోవాలంటూ ఉపన్యాసం, సరస్సు మీదే బతికేవాళ్లకు! తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోయి చేపలు తగ్గాయని జాలర్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అది రాసుకోవడానికి మాత్రం సర్వే పత్రంలో గడి ఉండదు. పనులు మానుకుని జవాబులు చెప్పి, మజ్జిగ ఇచ్చి, ఫొటోకు నిలబడిన ఊరివాళ్ల గంటలు ఏ లాగ్‌బుక్‌లోకీ ఎక్కవు.

పిల్లలు ఊరి ముఖమైనా చూస్తారు కదా అంటారు. మన డిగ్రీ కాలేజీల్లో చాలామంది ఊళ్లనుంచి వచ్చినవాళ్లే. సొంత మేనత్త దగ్గరికెళ్లి ఇంటి పైకప్పు ఏ రకమని అడిగితే కొత్తగా తెలిసేదేమిటి? లోపం అమలులోనే, ఆలోచనలో కాదనేది మరో వాదన. తప్పనిసరి చేయాలన్న ఆలోచనలోనే లోపముంది. 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లోనూ ఏడాదికి 120 గంటల లెక్క ఉంది. అయితే అందులో ఇష్టమున్నవాళ్లే చేరతారు. మార్కుల కోసం తప్పనిసరి చేశాక మిగిలేది సంతకాల వేటే. ఊరి తరఫున ఒకరు విద్యార్థి పనిని మూల్యాంకనం చేసే పత్రమూ ఉందిగా అనొచ్చు. ఉంది, నిజమే. కాగితం పట్టుకుని ఎదురుగా నిలబడ్డ కుర్రాడి ముఖం చూసి, 'బాగా చేశాడు' అనక ఎవరు మాత్రం ఇంకేమంటారు?

ఇది చదువే అనండి, పేచీ లేదు. ఊరు గురువు, పిల్లలు శిష్యులు. సేవే అంటారా, నివేదికను తెలుగులో రాయించి గ్రామసభలో చదివించండి, వైవా అక్కడే పెట్టండి. తడ తీరంలో మొదటి ప్రశ్న ఏమిటో ఊహించడం కష్టం కాదు: "పూడిక సంగతి చెప్పాం కదా నాయనా, ఏ పేజీలో రాశావు?"