వాటికన్ ఏ మండలంలో ఉంది?

డిసెంబరు చలి మొదలైందంటే చాలు, సూర్యాపేట నుంచి కోదాడ దాకా ఫోను చేతిలో ఉన్న ప్రతి కుర్రాడూ చరిత్రకారుడైపోతాడు. ఆదివారం నలుగురు కారెక్కి చీకటి పడేసరికి మెదక్ చర్చి ముందు దిగుతారు. ఒకడు చేతులు బార్లా చాపి నిలబడతాడు, ఇంకొకడు ఫోను పైకెత్తుతాడు. ఆ తర్వాత వచ్చే డైలాగు అందరికీ కంఠతా వచ్చిందే: ‘వాటికన్ తర్వాత ఆసియాలోనే రెండో అతిపెద్ద చర్చి ఇదే మామా!’

‘హెరిటేజ్ ట్రిప్’ అనే జ్వరం ఈ మధ్య మన వైపూ సోకింది. ఒక పాత చర్చి, ఒక ఓడల మ్యూజియం, ఒక పాత బజారు. వారాంతంలో చుట్టేసి, సోమవారానికల్లా రీళ్లు పెట్టేయాలి. తిరగడం మంచిదే, తప్పు పట్టాల్సిందేమీ లేదు. పేచీ అంతా ఆ డైలాగుతోనే.

కాసేపు నమ్ముదాం. వాటికన్ తర్వాత ఆసియాలో మెదక్‌దే రెండో స్థానమైతే, మొదటి స్థానం వాటికన్‌దే కావాలి. అంటే ఆ వాటికన్ ఎప్పుడో రాత్రికి రాత్రి మూటాముల్లె సర్దుకుని రోమ్ నుంచి ఆసియాకు దిగిందన్నమాట. దిగితే దిగింది, ఏ మండలంలో దిగింది? జహీరాబాదు దాటాకనా, బీదరు ఇవతలా? సర్వే నంబరెంత? ధరణిలో ఎక్కిందా, లేక భూభారతి వచ్చేదాకా ఆగాల్సి వచ్చిందా? ముందే తెలిస్తే మునగాల నుంచి ఒక డీలక్స్ బస్సైనా వేసేవారు కదా! ఇటలీ యూరపులో ఉందని సోషల్ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లల సంగతి ఏం చేద్దాం? ఆ మార్కులు వెనక్కి లాక్కోవాలి మరి.

సరే, భూగోళం పక్కన పెట్టి టేపు తీద్దాం. మెదక్ చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం 175 అడుగులు. రోములోని సెయింట్ పీటర్స్ పొడవు లోపల కొలిస్తేనే 600 అడుగులు దాటుతుంది. అంత దూరం ఎందుకు, మన దేశంలోనే పాత గోవాలో సె కేథడ్రల్ ఉంది. పొడవు 250 అడుగులు, వెడల్పు 181. అది 1619లో పూర్తయింది, మెదక్ చర్చికి మూడు వందల ఏళ్లు ముందు. ఏటా గోవా వెళ్లి వచ్చే మన కుర్రాళ్లకు అక్కడ చర్చి ఒకటుందని తెలియకపోవడంలో వింతేమీ లేదు. వాళ్లు గోవా వెళ్లే పని వేరు.

ఇంకో తమాషా. మెదక్ చర్చి కట్టించింది వెస్లియన్ మెథడిస్టు మిషన్. ఇప్పుడది 1947లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో భాగం. పోపు గారి కొలువుకూ ఈ గుడికీ పాలన పరంగా ఏ సంబంధమూ లేదు. వాటికన్ పేరు చెప్పి దీనికి గొప్ప తేవాలనుకోవడం పక్కింటి తాత ఆస్తి చూపించి మన పిల్లకు సంబంధం కుదుర్చుకున్నట్టుంది. కొందరు కాస్త జాగ్రత్తపరులు. వాళ్లు ‘చర్చి కాదండీ, డయాసిస్’ అని దిద్దుతారు. దిద్దాక కూడా వాటికన్ మాత్రం ఆసియాలోనే ఉంటుంది.

ఈ ‘రెండో’ అన్న మాటలో గడుసుతనం ఉంది. మొదటిదంటే ఎవడో ఒకడు టేపు పట్టుకొస్తాడు. రెండోదంటే ఎవడూ అడగడు, పైగా వినయంగా కూడా కనిపిస్తుంది.

ఇంత గోలలో ఆ చర్చిని చూసిందెవరు? అక్కడికి రాత్రిపూట, సీరియల్ బల్బులు వెలిగాక వెళ్తారు. బయట నిలబడి తీస్తారు. లోపల మూడు రంగుటద్దాల కిటికీలున్నాయి, లండన్‌లో ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినవి. పగలు ఎండ అద్దం అవతల పడితేనే లోపల నిలబడ్డవాడికి బొమ్మ కనిపిస్తుంది. చీకటి పడితే నీలం లేదు, ఎరుపు లేదు, నల్లటి పలకలు మాత్రమే. ఏసు పుట్టుక, సిలువ, ఆరోహణం మూడూ అలా గోడలో కలిసిపోతాయి. కాలి కింద మొజాయిక్ గచ్చుంటుంది, చెప్పులు విప్పినవాడికే దాని చల్లదనం తెలిసేది.

ఆ మిషన్ పాదిరి చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ కట్టడం మొదలుపెట్టింది 1914లో. అవి కరవు రోజులు. ఊరికే అన్నం పెడితే జనం తల వంచుకుని తినాల్సి వస్తుందని, పని కల్పించి కూలీ కింద తిండి పెట్టాడు. పదేళ్లు పట్టింది, 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. 2024లో నూరేళ్ల పండగ కూడా అయిపోయింది. ఆకలితో ఉన్న మనిషి రాయి మోసిన కథ అది. ఆ మనిషి రీల్లో ఎక్కడా లేడు.

విశాఖ సంగతి ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. జలాంతర్గామి ఐఎన్ఎస్ కుర్సురా 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో రిటైరైంది, 2002లో ఆర్కే బీచి ఇసుకలో మ్యూజియమైంది. ‘దక్షిణాసియాలో మొదటి జలాంతర్గామి మ్యూజియం’ అన్న మాట మన రీలు దాకా వచ్చేసరికి ‘దక్షిణ’ ఎవరో కోసేసుకుపోతారు.

ఇక మన గడప దగ్గరికి వద్దాం. వరంగల్ ఎనుమాముల మార్కెట్టు ‘ఆసియాలోనే రెండోది’. మిర్యాలగూడ రైసు మిల్లులు ‘ఆసియాలోనే ఎక్కువ’. ఈ ఆసియాలో థాయిలాండు ఉందా, వియత్నాం ఉందా, చైనా ఉందా అని అడిగిన పాపాన పోయినవాడు లేడు. పాత బజారు, ధాన్యపు రాశులు, ఎర్ర మిరపకాయల గుట్టలు అంటూ ఫొటోలు తీసుకుపోయేవాళ్లకు అది కంటికి విందు. రాశి పక్కన పరదా కప్పుకుని పడుకున్న మనిషి ఫ్రేములోకి వస్తే మాత్రం కాస్త పక్కకు జరగమంటారు.

అతను జరగడు. ఎక్కడికి జరుగుతాడు? కోతలయ్యాక సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు సన్నవడ్లన్నీ ఒక్కసారే రోడ్డెక్కుతాయి. టోకెను ఉంటేనే మిల్లు గేటు తెరుచుకునే రోజులు కూడా ఈ రైతు చూశాడు. ట్రాక్టరు వరసలో రాత్రి తెల్లవారుతుంది. కొనుగోలు కేంద్రానికి పోతే తేమ 17 శాతం దాటకూడదు. మంచు కురిస్తే మీటరు ముల్లు మళ్లీ పైకి పోతుంది, వడ్లు మళ్లీ ఆరబోయాలి. తాలు ఉందంటారు, మట్టి ఉందంటారు, చివరికి తరుగు పేరుతో బస్తాకింత కోస్తారు. ఆసియాలో ఎన్నో స్థానమైతే ఆ కోసిన వడ్లు వెనక్కి వస్తాయి? ఈ బిరుదు కట్టబెట్టినవాళ్లలో ఒక్కడైనా ఆ వరసలో ఒక రాత్రి నిలబడ్డాడా? ఊరి గొప్ప చెప్పుకోవడానికి రైతు చెమట కావాలి గానీ, అతని తరుగు లెక్క మాత్రం ఎవరికీ అక్కర్లేదు. సిగ్గుండాలి.

చూడదలచినవాడికి ఈ చుట్టుపక్కలే ఎంతో ఉంది. పాత చర్చిల చరిత్ర కావాలంటే మెదక్ దాకా డీజిలు కాల్చక్కర్లేదు. 1890 ప్రాంతంలో రష్యా సామ్రాజ్యం నుంచి, ఇప్పటి ఉక్రెయిన్ నేల నుంచి, జర్మన్ మాట్లాడే మెన్నొనైట్ మిషనరీలు నల్లగొండకు వచ్చారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి పని చేశారు, తర్వాత సూర్యాపేట దాకా పాకారు. నల్ల సముద్రం వైపు పుట్టినవాళ్లు మన ఎండల్లో తెలుగు నేర్చుకున్నారంటే నమ్మడమే కష్టం. అందులో ‘అతిపెద్ద’ ఏమీ లేదు కాబట్టి ఎవరికీ పట్టలేదు. ఓడల ముచ్చటంటారా, మునగాల ముందునుంచి పోయే 65వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదును బందరుతో కలుపుతుంది. గోల్కొండ సరుకు సముద్రానికి చేరింది ఆ బందరు రేవులోనే. ఇంగ్లిషువాళ్లు అక్కడ 1611లోనే వర్తక స్థావరం పెట్టారు. ఇప్పుడు అదే రోడ్డు మీద కార్లు సంక్రాంతికి బారులు తీరుతాయి, టోలుగేటు దగ్గర హారన్లు కొట్టుకుంటాయి, మునగాలలో టీకి తప్ప దేనికీ ఆగవు.

సూర్యాపేట జిల్లాలోనే ఫణిగిరి ఉంది. అక్కడి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లాయి. 2024లో అక్కడే ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి, ఇక్ష్వాకుల కాలం నాటివి. ఆ గుట్టెక్కిన మన జిల్లా జనం ఎంతమంది?

నడిగూడెం సంగతి వేరు. ఒకప్పుడు చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మద్రాసు ప్రెసిడెన్సీ కృష్ణా జిల్లాకు చెందిన ముక్క మునగాల పరగణా. ఆ జమీందారు నాయని వేంకట రంగారావు కోట నడిగూడెంలో ఉంది. ఆయన దగ్గర దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయానికీ, 1906లో విజ్ఞాన చంద్రికా మండలికీ ప్రాణం పోశాడు. రెండింటి వెనకా రాజావారి అండ ఉంది. పింగళి వెంకయ్య పత్తి మీద పరిశోధనలు చేసి ‘పత్తి వెంకయ్య’ అనిపించుకున్నదీ రాజావారి ఆశ్రయంలోనే.

ఆ పుస్తకాల రాజావారి మీదే 1930లలో పరగణా రైతులు తిరగబడ్డారు, వెట్టి చేయలేమని, అక్రమ వసూళ్లు కట్టలేమని. ఎవరైనా నడిగూడెం వెళ్లి కెమెరా తెరిస్తే గ్రంథాలయం మాట ఎంత గట్టిగా చెబుతారో వెట్టి మాట కూడా అంతే గట్టిగా చెప్పాలి. కోదాడ నుంచి ఎంతో దూరం లేదు, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి తిరిగి రావొచ్చు.