బకెట్టుగారి కచేరీ

వచ్చే శనివారం కచేరీకి వెళ్తున్నానని చెప్పగానే నాన్నగారు మురిసిపోయారు. ఆర్నెల్లు ఉందామని గుంటూరు నుంచి న్యూజెర్సీ వచ్చిన మనిషి. రెండు నెలలుగా ఆయన విన్న సంగీతమల్లా మా డిష్‌వాషర్‌ది, పక్కింటివాళ్లు ఆకులు ఊదే మిషన్‌ది.

"వీణా, వయొలినా?" అన్నారు.

"గిటార్ నాన్నగారూ."

"పర్లేదు, అదీ తంత్రీవాద్యమే. విద్వాంసుడి పేరు?"

"బకెట్‌హెడ్."

వినికిడి మిషన్ సర్దుకున్నారు. మళ్లీ చెప్పాను. ఇంటిపేరు బకెట్టా అన్నారు. కాదండీ, అసలు పేరు బ్రయాన్ కారల్, 1969లో పుట్టాడు, కాలిఫోర్నియా మనిషి, ముఖానికి తెల్లటి ముసుగేసుకుని నెత్తిన బకెట్ బోర్లించుకుని వాయిస్తాడు కాబట్టి ఆ పేరు అని వివరించాను. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఏ బకెట్టు అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది. ఆవిడ ఉద్దేశంలో బకెట్ అంటే స్నానాలగదిది. కేఎఫ్‌సీ వాళ్లు కోడి వేపుడు పోసిచ్చే అట్ట బకెట్ అని చెప్పాల్సి వచ్చింది.

ఇంట్లో కాసేపు కుక్కర్ కూత తప్ప మరో చప్పుడు లేదు.

"కొత్తదా, తిన్నదా?" అన్నారు నాన్నగారు చివరికి.

అక్కడ నేను అబద్ధమాడి ఉండాల్సింది. కుర్రతనంలో ఓ రాత్రి కోడి తింటూ, ముసుగు తగిలించుకుని, ఖాళీ అయిన బకెట్‌ని నెత్తిన పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడట, ఇదేదో బాగుందే అనుకున్నాడట. ఆయన ఆ వేషం గురించి చెప్పిన కథ అది. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ఎంగిలి బకెట్!" అన్నారు నాన్నగారు. మా వంశంలో ముఖం చూపించకపోవడాన్ని క్షమిస్తారు, మతిలేనితనాన్ని క్షమిస్తారు. ఎంగిలిని క్షమించిన దాఖలా లేదు.

కాసేపటికి తేరుకుని, సంగీతం తెలిసినవాళ్లు అడిగే అసలు ప్రశ్న అడిగారు. "గురువెవరు?"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇతనికి గురువున్నాడు. పాల్ గిల్బర్ట్ అని జగమెరిగిన గిటారిస్టు, కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయన దగ్గర పాఠాలు నేర్చుకున్నాడు. ఆ మాట వినగానే నాన్నగారి ముఖం కాస్త విచ్చుకుంది. "ఆయన నెత్తిన ఏం పెట్టుకునేవాడు?" అన్నారు. ఏమీ లేదండీ, మామూలు మనిషే, కాకపోతే గోడలకి చిల్లులు పెట్టే కరెంటు డ్రిల్లుకి మీటే బిళ్లలు బిగించి దాంతో గిటార్ వాయిస్తాడు అన్నాను. ఏ గురుశిష్య పరంపరకైనా ఓ సంప్రదాయమంటూ ఉంటుంది మరి.

అసలు చిక్కు ఇది. ఈ మనిషి గురించి నిజాలు చెబుతున్నకొద్దీ నేనేదో కల్పించి చెబుతున్నట్టుంటుంది. తనని కోళ్లు పెంచాయని ఓ పుట్టుపూర్వోత్తరం ప్రచారంలో పెట్టాడు. అది కట్టుకథే. కానీ 2000లో గన్స్ ఎన్ రోజెస్ అనే మహా బృందంలో చేరాక, రికార్డింగ్ స్టూడియోలో ఈయన కోసం చెక్కలతో, ఇనప జాలీతో నిజంగానే కోళ్లగూడు కట్టించారు. అందులో కూర్చుని వాయించాడు. ఆ 'చైనీస్ డెమొక్రసీ' ఆల్బం 2008లో గాని బయటికి రాలేదు. అప్పటికి కోడి గూడు వదిలి నాలుగేళ్లయింది.

"చిట్టిబాబు వీణ మీద కోయిల కూసింది. 'కొమ్మలో కోయిల' వాయిస్తుంటే జనం చెట్లవైపు చూసేవారు," అన్నారు నాన్నగారు. "నువ్వెళ్లేచోట ఏం కూస్తుందో అర్థమైంది."

పని రాక్షసుడండీ అని సమర్థించుకోబోయాను. 2011 నుంచి 'పైక్స్' అని చిన్న చిన్న ఆల్బంలు వదలడం మొదలెట్టాడు. ఒక్క 2015లో వచ్చినవి 118. లెక్కేస్తే మూడు రోజులకొకటి. మా ఇంట్లో ఇడ్లీ పిండి కూడా అంత తరచుగా తయారవదు. అన్నీ వినలేదు నేను. విన్నానని చెప్పేవాణ్ణి నమ్మను. కొన్ని బాగుంటాయి, కొన్ని వింటే మూడో రోజు సాయంత్రమైపోతోందని తొందరపడ్డట్టు తెలిసిపోతుంది.

మా చిన్నాడు వీడియో పెట్టి చూపించాడు. తెల్లటి గిటార్ మీద వీడియో గేమ్ మిషన్లకుండే ఎర్ర బొత్తాంలాంటిది ఒకటుంటుంది. నొక్కితే శబ్దం తెగిపోతుంది, వదిలితే వస్తుంది. ఎడంచేతి వేళ్లు స్వరాన్ని పట్టుకుని ఉండగా కుడిచేత్తో ఆ బొత్తాన్ని టకటకా నొక్కుతుంటే, సాగే స్వరం కాస్తా ముక్కలు ముక్కలై, నత్తిగా మాట్లాడే రోబోలా వినపడుతుంది. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని చూశారు.

"ఇదేమంత విద్యరా? మా చిన్నప్పుడు రేడియోలో కచేరీ వస్తుంటే కరెంటు రోజూ వాయించేది."

తర్వాత వీడియోలో బకెట్‌హెడ్ గిటార్ పక్కన పెట్టి మరమనిషిలా చేతులు విరుస్తూ నాట్యం చేశాడు. ఆ తర్వాత గొలుసుతో కట్టిన రెండు కర్రలు తీసి ఒంటి చుట్టూ తిప్పాడు, మన కర్రసాములా. కర్రసాము నాన్నగారికి నచ్చింది. సంగీతం కంటే అందులోనే సాధన కనిపిస్తోందన్నారు. బ్యాండు ఏదని అడిగారు. లేదు, చాలా కచేరీలకి ఒక్కడే వస్తాడు, డప్పులూ బేసూ ముందే రికార్డు చేసి పెట్టుకుంటాడు. "పక్కవాద్యాలకి సంభావన మిగిలింది," అన్నారు.

వేదిక మీద ఒక్క ముక్క మాట్లాడడు. పరమ బిడియస్తుడు. ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. పన్నెండేళ్ల కిందట ఉగాది వేడుకల్లో నేనూ గిటార్ పట్టుకుని స్టేజి ఎక్కాను. ముందు వరసల్లో నూటయాభై మంది పులిహోర తింటూ నన్నే చూస్తున్నారు. మొదటి చరణం అయింది. రెండోది రావాలి, రాలేదు. మొదటిదే మళ్లీ వాయించాను. మూడోసారి కూడా అదే వాయించబోతుంటే ఎవరో దయ తలచి చప్పట్లు కొట్టారు, మిగతావాళ్లు అందుకున్నారు, దిగిపోయాను. ఆ గిటార్ గ్యారేజీలో ఉంది, నాలుగు తీగలతో. ఆ రోజు పులిహోర తెచ్చిన స్టీలు గంగాళం పక్కనే ఉంది. అది తీసి బోర్లించుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. మేధావికీ నాకూ తేడా అక్కడే తేలిపోయింది.

శుక్రవారం రాత్రి అందరూ పడుకున్నాక నాన్నగారికి ఫోన్లో 'సూత్‌సేయర్' పెట్టాను. 2006 నాటిది, తొమ్మిది నిమిషాల పైచిలుకు, తన సూజీ అత్తకి అంకితమిచ్చాడు. 1998లో తల్లి జబ్బుతో మంచాన ఉంటే, ఆవిడ వినడానికి హాయిగా ఉండాలని 'కోల్మా' అని ఓ ఆల్బం మొత్తం మెత్తగా వాయించాడని కూడా చెప్పాను. నాన్నగారు తొడ మీద తాళం వేయబోయి, కుదరక, చెయ్యి అలాగే ఉంచేశారు. అయిపోయాక అన్నారు:

"ఎత్తుగడ బావుంది. తర్వాత తొందరెక్కువ. అమ్మకి వాయించింది పెట్టు."

అది పెట్టాను. దాని గురించి ఏమీ అనలేదు. పొద్దున్నే కాఫీ దగ్గర మాత్రం, "ఆ బకెట్ రోజూ మారుస్తాడేమో కనుక్కో," అన్నారు.

కచేరీ మధ్యలో ప్రేక్షకులు ముందుకెళ్లి బకెట్‌హెడ్‌కి కానుకలిస్తారు, బదులుగా ఆయన సంచిలోంచి బొమ్మలు తీసి పంచుతాడు. ఇది మా చిన్నాడు బయటపెట్టాడు. దాంతో ఇల్లు పెళ్లివారిల్లయింది. ఉత్తచేతులతో విద్వాంసుడి దగ్గరికి వెళ్లకూడదని నాన్నగారు. పండూ తాంబూలం ఇస్తే ముసుగులోంచి ఎలా తింటాడని మా ఆవిడ. చివరికి నాన్నగారి చూపు అల్మారాలో ఉన్న కొండపల్లి బొమ్మల మీద పడింది. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే సెట్టు. దశావతారాల్లో ఒకటి తీస్తే తొమ్మిదే మిగులుతాయని మా ఆవిడ అడ్డం నిలబడింది. ఏనుగు అంబారీ అడిగితే, "దాని మీద చెయ్యేస్తే మీకూ కచేరీ లేదు, మావయ్యగారికీ కాఫీ లేదు," అంది. బేరసారాలయ్యాక దక్కింది తాడిచెట్టెక్కే గీతకార్మికుడు. పొణికి చెక్క, అరచేతిలో దూదిలా తేలిగ్గా ఉంటుంది. చెట్టుకు కరుచుకున్న మనిషి, నడుముకి మోకు, పైన మట్టల మధ్య బుల్లి కల్లుకుండలు.

"కుండవాడికీ బకెట్‌వాడికీ బాగా కుదురుతుంది," అన్నారు నాన్నగారు.

ఉడెన్ టాయ్, కొండపల్లి, నియర్ విజయవాడ అని చీటీ కూడా ఆయనే రాశారు. కింద తన పేరు, మా ఇంటి అడ్రసు. నా పేరు లేదు. బొమ్మని పాత పంచెముక్కలో చుడుతుంటే ఒక కుండ ఊడి సోఫా కిందకి దొర్లింది. టార్చిలైటుతో అరగంట వెతికి, ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న ఫెవికాల్‌తో అతికించారు. ఇప్పుడది ఫ్రిజ్ మీద ఆరుతోంది. ఎవరూ తలుపు గట్టిగా వెయ్యకూడదని ఆర్డరు.