వడపోత వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "ఇసుక, ఉప్పుల ఘన మిశ్రమమును వడపోత ద్వారా వేరుచేయుట."

అవతారిక: శ్రీసిటీ పారిశ్రామికవాడ దాపున ఒక బడిలో ఆరో తరగతి చదివే మా మేనకోడలు ఈ వాక్యాన్ని రికార్డులో దించుకుని, కింద రెండు గీతలు కొట్టి, ప్రయోగ వివరణలోని ఒక మాట చూపి, "మామా, గాలితం అంటే ఏంది? గాలా?" అంది. ఈ వ్యాఖ్య అందుకు పుట్టింది.

టీక: ఇసుక, ఉప్పు: స్పష్టం. వడపోత: వడియు అంటే కారు. పాతవాళ్ళు వడియగట్టు అన్నది అందుకే. వడియాలంటే (పిండివడియాలు కావు) కారేదేదో ఉండాలి గదా, మూలంలో అది లేదు. కనుక "నీటిలో కరిగించి" అని అధ్యాహారం చేసుకోవాలి. ఉప్పు కరుగుతుంది, ఇసుక కరగదు. ప్రయోగమంతా ఈ భేదం మీదే నిలిచింది. మూలకర్త నీళ్ళే వదిలేశాడు. బడి కుళాయిదీ ఆయన పక్షమే.

గాలితం: గాలితో చుట్టరికం లేదు. గలితమైనది, అంటే వడపోతలో కిందికి జారినది. గరాటు కింద దొరికేది ఉప్పు కాదు, ఉప్పునీరు. మరగబెడితేగాని ఉప్పు రాదు. "వడపోత ద్వారా" అన్నది సగం అబద్ధం.

విశేషం: అక్కర్లేనిది చెప్పనని వ్యాఖ్యాత మల్లినాథుడు ఒట్టు పెట్టుకున్నాడు. మాకా ఒట్టు లేదు. వడపోతకు పెద్దక్క జల్లెడ. ఋగ్వేదం దాన్ని "తితఉ" అంటుంది. ఒకే మాటలో అకార ఉకారాలు సంధి లేకుండా పక్కపక్కన కూర్చున్నాయి! మన తెలుగైతే నడుమ యడాగమాన్ని ఇరికించి "తితయు" చేసేది. ఒళ్ళంతా చిల్లులున్నదానికి సంధి ఎట్లా అతుకుతుంది? యాస్కుడు నిరుక్తంలో దీనికి మూడు వ్యుత్పత్తులు చెప్పి, నువ్వుగింజంత చిల్లులని కొలత కూడా ఇచ్చాడు. మన రికార్డులో కొలతే లేదు. ఆహా, యాస్కుడు!

ఏమి చెబుతున్నాం? ఆ, వేరుచేయుట. ఈ క్రియకు కర్త ఎవరు? పిల్లలు కారు. గరాటు బీరువాలో, తాళం సారు దగ్గర, సారు ట్రైనింగులో. డైకిన్, బ్లూస్టార్ ఏసీలు తయారయ్యే చోటికి కూతవేటు దూరంలో, నలభైమంది పిల్లలకు ఒక్క వడపోత కాగితం లేదు. ఫలితం మాత్రం అందరూ ఒకే మాటల్లో రాశారు.

తాత్పర్యం: మేనకోడలికి పదికి తొమ్మిది వచ్చాయి. గరాటు బొమ్మకు నీడ గీయలేదని ఒకటి కోశారు.