ఏ ఇల్లు కొన్నార్రా?

మా బాబాయి కొడుకు న్యూయార్కు వెళ్ళి హార్లెంలో దిగాడు. మనవాళ్ళెవరైనా ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో చేరతారు గదా, అక్కడైతే దోసెలకు, గుడికి ఇబ్బంది ఉండదు. వీడు మాత్రం నల్లజాతివాళ్ళ చరిత్ర చదివి, కావాలనే వాళ్ళ పేట ఎంచుకున్నాడు. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ చివరి 20 ఏళ్ళు బతికిన ఇల్లు వీడి వీధికి నడిచిపోయేంత దూరం. మార్కస్ గార్వే పార్కులో 1969 నుంచి వేసవిలో శనివారం పూట డప్పులు వాయిస్తారు. పక్కన కొత్తగా లేచిన ఖరీదైన అపార్టుమెంటువాళ్ళు ఆ మోత భరించలేమని ఫిర్యాదులు పెట్టారట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా మావాడికి ఒళ్ళు మండేది. "నిన్నగాక మొన్న వచ్చి, తరాలుగా ఉన్నోళ్ళను నోర్మూసుకోమంటారేంది అన్నా?" అనేవాడు. 2017లో 125వ వీధిలో హోల్‌ఫుడ్స్ సూపర్‌మార్కెట్ తెరిచినప్పటి నుంచి అద్దెల రాత ఇంకా మారిందని కూడా వాడే చెప్పాడు.

వీడుండేది 1890ల నాటి గోధుమరంగు రాతి ఇల్లు. నాలుగు వాటాలు. మూడో అంతస్తులో వీడు, కిటికీలో నీలం తొట్టిలో కరివేపాకు మొక్క. కింద వాటాలో ఓ పెద్దావిడ. పసిపిల్లగా సౌత్ కరోలినా నుంచి తల్లితో వచ్చి ఆ వీధిలోనే ముసలిదయింది. ప్రెసిడెంటు వచ్చినా "బేబీ" అనే పిలిచే రకం. వీడు పులిహోర చేస్తే గిన్నెడు ఆమెకు పోవాల్సిందే.

ఇక్కడ మా ఊరు ముప్పాళ్ళలో బాబాయికి ఎకరన్నర మిరప చేను. 2024లో రాజధాని అమరావతి మళ్ళీ ఊపందుకోగానే బేరం వచ్చింది. కౌలుకు చేసే అతను ఇంటికొచ్చి, "చెట్టు మీద ఇంకా రెండు కోతల కాయ ఉంది బాబాయ్, అది కోసుకోనియ్యండి" అని బతిమాలాడు. కొనేవాళ్ళు ఆగలేమన్నారు. బాబాయి మనసు ఊగిసలాడి కొడుకుకి ఫోన్ చేశాడు.

"అతని దగ్గర కాగితమేమన్నా ఉందా నాన్నా?"

"కాగితమెక్కడిదిరా, అంతా నోటిమాటే."

"మరింకేంది? వేరే చేను చూసుకుంటాడులే."

కౌలుదార్లకు హక్కు పత్రమివ్వాలని 2019లో చట్టమైతే వచ్చింది గానీ, దానికి యజమాని సంతకం కావాలన్నారు. అడగ్గానే సంతకం పెట్టే ఆసామిని నేనింకా చూడాలి.

చేను అమ్మిన డబ్బు అమెరికా వెళ్ళింది. అక్కడ మనవాళ్ళే కొందరు వాట్సాప్‌లో జట్టుకట్టి, తలా ఇంత వేసుకుని పాత ఇళ్ళు కొని, బాగుచేసి, అద్దెలు పెంచుతారు. మావాడూ వాటా తీసుకున్నాడు. కొత్త బేరానికి సంబంధించి గ్రూపులో ముప్ఫై పేజీల పీడీఎఫ్ వచ్చింది. అంత చదివే తీరికెవరికుంది? అందరూ బొటనవేలు ఎత్తారు, వీడూ ఎత్తాడు.

కొన్నాళ్ళకు వీళ్ళ ఇంటి తలుపులకు నోటీసులు అంటించారు. ఇంటాయన చనిపోతే వారసులు ఎవరో కంపెనీకి అమ్మేశారట. ఖాళీ చెయ్యాలి. మావాడు శివాలెత్తాడు. నలుగురినీ కూడగట్టి, పేదలకు ఉచితంగా వాదించే వకీలు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె కాగితాలన్నీ తిరగేసి, అద్దె అదుపు చట్టం ఆరు వాటాలు, ఆపైన ఉన్న పాత ఇళ్ళకేనంది. పెద్దావిడ దగ్గర ఒప్పంద పత్రం ఉందా అని అడిగింది. లేదు, ఏళ్ళ తరబడి నోటిమాటే. రెండేళ్ళు దాటి ఉన్నవాళ్ళకు 90 రోజుల గడువివ్వాలంది, అంతకుమించి ఆశ చూపలేదు. వీళ్ళ ఇల్లున్న భాగం 1971 నుంచి చారిత్రక రక్షిత ప్రాంతం. ముందువైపు రాయి ఒక్కటి మార్చాలన్నా అనుమతి తీసుకోవాలి. లోపలి మనుషులను మార్చడానికి ఆ బాధ లేదు.

మావాడు అట్ట మీద "డబ్బుకు దయ లేదు" అని ఇంగ్లీషులో రాసి గుమ్మం ముందు నిలబడ్డాడు. పెద్దావిడ వీడి చెయ్యి పట్టుకుని, "నువ్వు మంచోడివి బేబీ" అందట.

ఆ రాత్రే బాబాయి ఫోన్ చేశాడు. "మన చేను డబ్బుతో ఏ ఇల్లు కొన్నార్రా? ఓ ఫోటో పంపు, ఇక్కడందరూ అడుగుతున్నారు."

మావాడు అప్పుడు తెరిచాడు ఆ పీడీఎఫ్. మొదటి పేజీ నిండా ఇంటి బొమ్మ. గోధుమరంగు రాయి, గుమ్మం ముందు మెట్లు, మూడో అంతస్తు కిటికీలో నీలం తొట్టి, అందులో కరివేపాకు.

పెద్దావిడ సౌత్ కరోలినాలో చెల్లెలి కూతురింటికి వెళ్ళిపోయింది. మావాడు జెర్సీ సిటీలో అద్దెకుంటున్నాడు. వాటా ఇంకా అమ్మలేదు, రాబడి బాగుందట. బాబాయి ఆ ఫోటోకి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు, "మావాడు అమెరికాలో కొన్న ఇల్లు" అని అందరికీ చూపిస్తున్నాడు.