ఈ సలహాలు వినకండి

హ్యూస్టన్, డల్లస్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. గాలి బాగాలేదని అక్కడ ఎవరైనా అంటే చెప్పడానికి కొన్ని సలహాలు సిద్ధంగా ఉంటాయి. కంపెనీలు చెబితే వింతేమీ లేదు. గాలిని కాపాడాల్సిన టెక్సాస్ పర్యావరణ కమిషన్, అంటే టీసీఈక్యూ కూడా అదే ధోరణిలో మాట్లాడటం నన్ను బాధిస్తోంది. పిల్లలూ ముసలివాళ్లూ ఉన్న ఇళ్లలో ఈ మాటలు నమ్మితే నష్టం మనకే.

“మనుషులు ఎక్కువసేపు ఇంట్లోనే ఉంటారు, కంగారు పడొద్దు.”

ఓజోన్ పరిమితిని బిగించాలని అమెరికా కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ 2014లో ప్రతిపాదించింది. టీసీఈక్యూ అప్పటి ముఖ్య విషశాస్త్రవేత్త మైకేల్ హనీకట్ దాన్ని వ్యతిరేకించారు. జనం 90 శాతానికి పైగా సమయం ఇంటి లోపలే గడుపుతారని, ఓజోన్ బయటి గాలిలో ఉండేదని ఆయన వాదన. ఏడాది తర్వాత ఈపీఏ పరిమితిని 75 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 75 భాగాలు) నుంచి 70కి తగ్గించింది. టెక్సాస్ కోర్టుకెక్కింది.

ఆ 90 శాతం సగటు లెక్క. ఇళ్ల పైకప్పులు వేసేవాళ్లు, రోడ్డు పనివాళ్లు, పచ్చిక కోసేవాళ్లు ఆ సగటులో కనిపించరు. నైట్రోజన్ ఆక్సైడ్లూ హైడ్రోకార్బన్ల ఆవిర్లూ ఎండలో కలిస్తే ఓజోన్ పుడుతుంది. అందుకే అది బాగా పెరిగేది మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. స్కూళ్లు వదిలాక పిల్లలు మైదానంలో ఉండే వేళ కూడా అదే. ఆస్తమా ఉన్న పిల్లాణ్ణి ఆ పూట లోపల ఉంచడం తల్లి చేయగల పని, చేయాలి కూడా. దాన్ని సాకుగా చూపి ప్రభుత్వం పరిమితిని సడలించమంటే ఒప్పుకోకూడదు.

“ఆ విషం అనుకున్నంత ప్రమాదం కాదు.”

అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇది. శాస్త్రం పేరుతో వస్తుంది కాబట్టి సామాన్యుడు ఎదురు చెప్పలేడు. ఆసుపత్రి పరికరాలను క్రిమిరహితం చేయడానికి ఎథిలీన్ ఆక్సైడ్ వాడతారు. రసాయన కర్మాగారాల్లోనూ దాని వాడకం ఎక్కువే. మనుషుల్లో అది క్యాన్సర్ తెస్తుందని 2016లో ఈపీఏ తేల్చింది. 2020లో టీసీఈక్యూ సొంత లెక్క కట్టి, గాలిలో 2.4 పీపీబీ వరకూ ఫర్వాలేదంది. అదే స్థాయి ముప్పుకు ఈపీఏ లెక్క ఇచ్చే మోతాదు కంటే ఇది రెండువేల రెట్లకు మించి ఎక్కువ. టీసీఈక్యూ లెక్కను వాడబోమని 2022 డిసెంబరులో ఈపీఏ ప్రకటించింది. పీల్చే గాలి విషయంలో రెండు లెక్కలు ఇంత దూరంగా ఉన్నప్పుడు జాగ్రత్త వైపే మొగ్గాలి. టీసీఈక్యూ సడలింపు వైపు మొగ్గింది.

“కొలిచినా లాభం లేదు.”

2017లో హార్వే తుఫాను హ్యూస్టన్‌ను ముంచెత్తింది. దెబ్బతింటాయని గాలిని కొలిచే యంత్రాలను ముందే ఆపేశారు. నాసా తన డీసీ-8 విమానంతో గాలిని పరీక్షిస్తామని ముందుకొస్తే అధికారులు వద్దన్నారు. కర్మాగారాలు మూతపడి, ట్యాంకులు పాడై, విషవాయువులు విడుదలవుతున్న రోజులవి. ప్రమాదం పెద్దదైన రోజునే కొలత ఎక్కువ అవసరం.

“అనుకోకుండా జరిగింది, వదిలేయండి.”

యంత్రం చెడిందనో, కరెంటు పోయిందనో అనుమతికి మించి గ్యాసు వదలడం అక్కడ మామూలైపోయింది. 2011 నుంచి 2016 వరకు జరిగిన ఇలాంటి విడుదలల్లో 3 శాతానికి కూడా జరిమానా పడలేదని ఎన్విరాన్‌మెంట్ టెక్సాస్, ఎన్విరాన్‌మెంటల్ ఇంటెగ్రిటీ ప్రాజెక్ట్ అనే పర్యావరణ సంఘాలు 2017లో లెక్క తేల్చాయి. 2022లో ఆ రాష్ట్ర సన్‌సెట్ కమిషన్ సిబ్బందే టీసీఈక్యూ కమిషనర్లను అయిష్టంగా నియంత్రణ చేసేవాళ్లని తప్పుబట్టారు. ఉద్యమకారులు ఈ మాట అంటే కోపంతో అన్నారనుకోవచ్చు. ఇది రాష్ట్ర శాసనసభ పెట్టుకున్న సమీక్షా సంఘం మాట.

ఖర్చెక్కువ, ఉద్యోగాలు పోతాయి అనే సలహా గురించి ఎక్కువ చెప్పను. ఆసుపత్రి బిల్లులు ఆ లెక్కలో వేయరు.

మన దేశంలోనూ ఇలాంటి మాటే గెలిచింది. బొగ్గు విద్యుత్ కేంద్రాలకు 2015 డిసెంబరులో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితులు పెట్టి, గడువు మీద గడువు పొడిగించి, చివరికి 2025 జులైలో ఆ కేంద్రాల్లో నాలుగింట మూడు వంతులకు పైగా మినహాయించారు. పొగగొట్టం ఎత్తు నిబంధన పాటిస్తే చాలన్నారు. ఎత్తు పెంచితే పొగ దూరం పోతుందే తప్ప మాయం కాదు. ఆ వాయువు గాలిలో సన్నని సల్ఫేట్ ధూళిగా మారి, ఎక్కడో ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

“మామూలు మనిషి ఏం చేయగలడు?”

చేయగలడు. టెక్సాస్‌లోని బేటౌన్‌లో ఎక్సాన్‌మొబిల్ కర్మాగారం పదే పదే పరిమితి దాటుతోందని 2010లో ఎన్విరాన్‌మెంట్ టెక్సాస్, సియెర్రా క్లబ్ దావా వేశాయి. అమెరికా స్వచ్ఛ వాయు చట్టం పౌరులకు ఆ హక్కు ఇచ్చింది. 2021లో 1.425 కోట్ల డాలర్ల జరిమానా పడింది. 2024 డిసెంబరులో అప్పీలు కోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ కంపెనీ సొంతంగా నమోదు చేసి ఇచ్చిన రికార్డులే ఆ కేసుకు ఆధారం.

కాబట్టి మీ చుట్టుపక్కల కర్మాగారాల విడుదల నివేదికలు చదవండి, టెక్సాస్‌లో అవి అందరికీ అందుబాటులో ఉంటాయి. చమురు శుద్ధి కర్మాగారాల ప్రహరీ దగ్గర బెంజీన్ కొలతలు కూడా ఈపీఏ బయటపెడుతుంది. వాసన వచ్చిన రోజు, వేళ రాసిపెట్టుకుని ఫిర్యాదు చేయండి. కర్మాగారం అనుమతి కోసం ప్రకటన వస్తే గడువులోగా మీ అభ్యంతరం రాసి పంపండి. ఆ కంపెనీల్లో ఇంజినీర్లుగా ఉన్న మనవాళ్లకు నా విన్నపం ఒకటే. ఆ ప్రకటనల్లోని సాంకేతిక భాష మీకు అర్థమవుతుంది. అర్థంకాని పొరుగువాళ్లకు దయచేసి వివరించండి.