పై ఊరితో తగాదాకి నాయకుణ్ణి ఎన్నుకునే పద్ధతి

ముందు కాలువలో నీళ్లు తగ్గాలి. ఫాల్గుణంలో, దాళ్వా చేను పొట్టమీదుండగా, గోదారి సన్నగిల్లి సీలేరు నీళ్ల మీదే ఆశ పెట్టుకున్నప్పుడు, వంతులు పెట్టారని కబురొస్తే అదే ముహూర్తం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది గానీ, ఎవరి చేను ముందు తడవాలన్న తగాదా ఇంకా పూర్తి కాలేదు. మీది శివారు ఊరు కాకపోతే ఇది చదవక్కర్లేదు, తూము ఇంకాస్త ఎత్తి పడుకోండి.

రావిచెట్టు అరుగు దగ్గర చేరాక, నీటి లెక్క తెలిసిన మనిషిని ముందే పక్కన పెట్టండి. లాకుల దగ్గర ఎన్నడుగులుంది, మన వంతు ఏ రోజు అని మొదలెడితే పౌరుషమంతా చల్లారిపోతుంది. పై ఊళ్లో వియ్యంకుడున్నవాణ్ణి అసలు పిలవద్దు. రాజీకొచ్చేవాడు నాయకుడేంటండీ? పాండవుల మీద ప్రేమున్న భీష్ముణ్ణి సేనాధిపతిని చేసుకుని కౌరవులు ఏం బావుకున్నారు? ఆయనున్నంతకాలం కర్ణుడు ఆయుధమే పట్టలేదు.

గొంతు చూడండి. మైకు లేకుండా అవతలి గట్టుకి వినబడాలి. తువ్వాలు భుజాన కాదు, నడుముకి ఉండాలి. సొంత చేను లేకపోతే మరీ మేలు, ఎండేదేమీ లేదు కనక వెనక్కి తగ్గడు.

మేం ఒకాయన్ని సరిగ్గా ఇలాగే ఎన్నుకున్నాం. అర్ధరాత్రి బ్యాటరీ లైట్లతో తూము దగ్గరకి వెళ్లాం. ఆయన తూమెక్కి పై ఊరివాళ్ల ఏడు తరాల్నీ తిడుతున్నాడు. నాలుగో తరం నడుస్తుండగా లస్కరు వచ్చి, సైకిలు స్టాండు వేసి, బీడీ ముట్టించి, "మీ వంతు తెల్లారి నుంచేనండీ" అన్నాడు. తెల్లారి నీళ్లొచ్చాయి. ఊరంతా ఆయనే తెచ్చాడంది. లస్కరు పేరు ఎవరూ ఎత్తలేదు.

ఇక దించడం. బ్రిటన్ వాళ్లు 1940లో యుద్ధానికని చర్చిల్‌ని తెచ్చుకుని, జర్మనీ లొంగిపోయిన రెండు నెలలకే, 1945 జులైలో, ఓట్లేసి ఇంటికి పంపేశారు. మనకంత మొరటుతనం ఎక్కడిది? 1997 చట్టంతో నీటి సంఘాలొచ్చాయి కదా, మా సంఘానికి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశాం. ఏకగ్రీవం.

ఈ ఏడు కాలువ నిండుగా పారుతోంది. పాపం, ఆయనకి తోచడం లేదు. నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని అడుగుతున్నాడు: "పక్క ఊరోళ్లు మన మురుగు బోదెకి అడ్డుకట్టేశారంట కదా?"