అక్కడేమీ లేదు, తప్పక చూడండి

టోక్యోలో యోత్సుయా దగ్గర సుగా అనే గుడి ఉంది. దాని పక్కన కొన్ని మెట్లు, మెట్లకు ఎర్రరంగు కమ్మీ. చుట్టూ ఇళ్లు. అంతే. ఆ మెట్ల కోసం జనం విమానాలెక్కి వస్తారు. 2016లో మకోతో షిన్‌కాయ్ తీసిన ‘యువర్ నేమ్’ అనే యానిమే (జపాన్ బొమ్మల సినిమా) చివర్లో నాయిక మిత్సుహా, నాయకుడు టాకీ ఎదురుపడేది అక్కడే మరి. జపాన్‌లో ఈ తిరుగుళ్లను ‘సేచి జున్‌రే’ అంటారు, అంటే పుణ్యక్షేత్ర యాత్ర. మామూలు యాత్రికుడు మహా కట్టడం ముందు నిలబడి ‘ఇంతేనా!’ అని ఉసూరుమంటాడు. ఈ యాత్రికుడు కరెంటు స్తంభం ముందు నిలబడి ‘అచ్చం ఇంతే!’ అని పొంగిపోతాడు. ఇద్దరిలో డబ్బు గిట్టుబాటైంది రెండోవాడికేనని నా వాదన.

లేని మనుషుల కోసం ఈ పరుగేమిటని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గోదావరి గట్టున కుమారదేవంలో ఎన్నో సినిమాల్లో కనిపించిన నిద్రగన్నేరు చెట్టు 2024లో కూలేదాకా, దాని కింద ఫొటో దిగినవాళ్లకు ఒక ధీమా ఉండేది: ఫలానా హీరో నిజంగానే ఈ నీడన నిలబడ్డాడని. సుగా మెట్ల మీద టాకీ, మిత్సుహాల పాదం పడలేదు. వాళ్లకు పాదాలే లేవు. నిజంగా అక్కడ నిలబడేది యాత్రికుడొక్కడే. ఫోన్లో ఆ దృశ్యం పెట్టుకుని, కమ్మీ వంపూ గోడ అంచూ సరిపోయేదాకా ముందుకీ వెనక్కీ జరుగుతాడు. అతని లెక్కలో బొమ్మ అసలు, ఊరు నకలు. తేడా వస్తే తప్పు ఊరిదే. ఇది మతి చలించడమంటే ఒప్పుకోను. పర్ణశాలలో సీతమ్మ చీరలారేసిన గుర్తులని రాతిమీద చారలు చూపిస్తారు. భక్తి వేరు, కార్టూన్ వేరు, నిజమే. కానీ కంటికి రెండు చోట్లా ఒకటే పని: కథ తెలియనివాడికి రాయి, తెలిసినవాడికి చీర.

పైగా ఈ లేనివాళ్లు ఊళ్లను పోషిస్తున్నారు. సైతామాలోని వాషినోమియా గుడి 2007లో ‘లక్కీ స్టార్’ యానిమేలో కనిపించింది. మరుసటి కొత్త సంవత్సరానికి దర్శనానికొచ్చినవాళ్లు 3 లక్షలు. ఆ పై ఏడు 4 లక్షలు దాటారు. మొక్కులు రాసి కట్టే చెక్క పలకల మీద అభిమానులు పాత్రల బొమ్మలు గీసి వేలాడదీశారు. 2008లో ఆ పట్టణ పాలకులు కథలోని హీరాగి కుటుంబానికి ఏకంగా ప్రత్యేక నివాస పత్రమే ఇచ్చి, ఒక్కోటి 300 యెన్లకు అమ్మారు. బతికున్నామని ఏటా కాగితం పెట్టి రుజువు చేసుకునే మన పెన్షనర్లు ఈ ముక్క చదవకపోవడం మంచిది.

అందరికీ లాభమేనా అంటే, కాదు. కామకురాలో సముద్రాన్ని ఆనుకుని ఒక రైల్వే గేటుంది. ‘స్లామ్ డంక్’ టీవీ యానిమే మొదటి పాటలో అది కనబడటమే దాని పాపం. ఎనొడెన్ రైలు వచ్చే క్షణం కోసం రోడ్డు మధ్యలో నిలబడే జనాన్ని అదుపు చేయడానికి కాపలాదారులను పెట్టాల్సి వచ్చింది. ఇక్కడ నా దగ్గర జవాబు లేదు. అక్కడ కాపురముండేవాళ్ల పక్షమే నాది. వ్యాపారమంటారా, అదీ ఉంది. యానిమే పర్యాటక సంఘమొకటి పెట్టి, షికోకు దీవిలోని 88 ఆలయాల యాత్ర లెక్కలోనే 88 యానిమే క్షేత్రాలు ప్రకటించారు. కానీ భక్తుడు సంఘాల మాటే కాదు, సృష్టికర్త మాటా వినడు. తైవాన్‌లోని జియుఫెన్ ‘స్పిరిటెడ్ అవే’కి మూలం కాదని ఆ సినిమా దర్శకుడు మియాజాకి స్వయంగా చెప్పారు. అయినా ఆ ఎర్ర లాంతర్ల కింద రద్దీ తగ్గలేదు. ఆయనకేం తెలుసు!

అన్నిటికన్నా నాకు నచ్చింది కనజావా దగ్గరి యువాకు అనే వేడినీటి బుగ్గల ఊరు. 2011లో వచ్చిన ‘హనసాకు ఇరోహా’ రచయితలు కథ కోసం దీపాల పండుగొకటి కల్పించారు: ఇజుమో క్షేత్రానికి వెళ్లే చిన్నారి దేవత దారి తప్పకుండా లాంతర్లు వెలిగించడం. ఊరివాళ్లు అదే ఏడాది దాన్ని నిజంగా మొదలెట్టారు. ఇప్పటికీ శరత్కాలంలో దీపాలు పెట్టి, కోరికలు రాసిన చెక్కలను మంటలో వేస్తారు. ఇంకో వందేళ్లు ఆగండి, అక్కడో తాత మనవడిని కూర్చోబెట్టుకుని, ఇది మన పూర్వీకుల ఆచారం, దీన్ని చూసే ఎవరో కార్టూన్ తీశారట అని చెబుతుంటాడు.